సున్నాకి మూడు ప్రతులు

వెలుగు నివాస్ కాలనీలో ఎవరింటికి వెళ్ళినా మీకు ముందుగా కనబడేది ఊగుతున్న చెయ్యి. పలకరింపు అనుకునేరు. కాదు. అన్నం తినేవాడు కుడిచేత్తో ముద్ద కలుపుతూ ఎడమచెయ్యి ఊపుతుంటాడు. పూజ చేసుకునే ఆవిడ హారతి దేవుడికి మూడుసార్లు తిప్పి, గది మూలకి ఒకసారి తిప్పుతుంది. పాయిఖానాలో కూర్చున్నవాడు భుజాలు ఎగరేస్తాడు. ఎందుకంటే ప్రతి గది మూలా పైన గోలీకాయంత కన్ను ఒకటి బిగించి ఉంది. మూడు నిమిషాలపాటు దానికి కదలిక కనబడకపోతే, గదిలో మనిషి లేడని తీర్మానించుకుని లైటూ ఫానూ ఆపేస్తుంది. మనిషికి ఏమన్నా అయిందేమోనన్న అనుమానం దానికి రాదు. లేడు, అంతే.

స్విచ్చు వేసుకోవచ్చుగా అంటారు. ఉంటే కదా వేసుకోవడానికి! రాష్ట్ర స్మార్ట్ గృహ సమన్వయ సంస్థ కట్టించిన ఇళ్ళవి. పదకొండు బ్లాకులు, ఒక్క స్విచ్చు లేదు. ప్రారంభోత్సవం నాడు సంస్థ డైరెక్టరు డాక్టర్ పరాంకుశం గారు మైకు ముందు నిలబడి, "స్విచ్చు అనునది బానిసత్వపు అవశేషం. మనిషి లేచి వెళ్ళి గోడను బతిమాలుకొను రోజులు పోయినవి. ఇకపై గోడయే మనిషిని కనిపెట్టి ఉండును" అని సెలవిచ్చారు. జనం చప్పట్లు కొట్టారు. కొట్టిన చేతులే ఇప్పుడు ఊపుతున్నారు. పోనీ సొంతంగా ఒక స్విచ్చు పెట్టించుకుందామంటే కేటాయింపు పత్రంలో పద్నాలుగో షరతు అడ్డం: గోడకు ఎటువంటి చిల్లూ వేయరాదు, వేసినచో ఇల్లు రద్దు.

ఆ కన్నుతో అందరికీ చిరాకే. తిరుపతమ్మకి మాత్రం కూడే పోతోంది. ఆమెది మగ్గం పని. చట్రానికి గుడ్డ బిగించి, పెళ్ళి జాకెట్ల మీద జరీతో, పూసలతో నెమళ్ళూ లతలూ కుడుతుంది. సి బ్లాకు కింది అంతస్తు ఇల్లు. కిటికీ తెరిస్తే మూడడుగుల దూరంలో డి బ్లాకు గోడ. పట్టపగలు కూడా లైటు లేకపోతే సూదికి దారం ఎక్కదు. మగ్గం ముందు కూర్చున్నాక ఆడేవి వేలికొసలే. ఏనుగు నడిస్తే కదలిక, వేళ్ళు ఆడితే కాదు అంటుంది మూలనున్న కన్ను. నెమలి మెడ సగం కుట్టేసరికి టక్కున చీకటి.

"అత్తా, ఊపు!"

"ఊపుతూనే ఉన్నా గదే. రెక్కలు పడిపోతన్నయ్" అంది తిరుపతమ్మ అత్త నాంచారమ్మ, చాట పైకెత్తి. ఇంట్లో చాట ఉన్నది బియ్యం చెరగడానికి కాదిప్పుడు, కన్నుకి విసరడానికి. "ఇంత చెరుగుడు పొలంలో చెరిగుంటే నాలుగు గింజలన్నా రాలేయి."

"రాలకపోతే పోనీలే. నిద్రపోబాకు, అంతే."

"నేనెక్కడ పోయానే నిద్ర? కళ్ళు మూసుకుని ఆలోచిస్తన్నా."

ఆ ఆలోచన ధర్మమా అని ఒక నెమలికి రెండు ముక్కులొచ్చాయి. జాకెట్ల షాపు సీతామాలక్ష్మి గారు ఫోను చేశారు. "ఏం తిరుపతమ్మా, ఈ నెమలి ఎవర్ని పొడవడానికి? పెళ్ళికూతురు షాపులో కూర్చుని ఏడుస్తోంది. శ్రావణం ముహూర్తాలకి పద్నాలుగు జాకెట్లు నీకోసం అట్టిపెట్టాను. ఇంకొక్కటి చెడిందా, మొత్తం వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను. మళ్ళీ నా షాపు మెట్లెక్కక్కర్లేదు."

అప్పటికి వైశాఖం. శ్రావణానికి మూడు నెలలు.

తిరుపతమ్మ చదువు పదోక్లాసు. కానీ కోపం వచ్చిందంటే ఆమె ఏదైనా నేర్చుకుంటుంది. వచ్చింది కాబట్టి నేర్చుకుంది. నెలరోజులు ఫోన్లో వీడియోలు చూసి, ఆ కన్నుకి బుద్ధి ఎక్కడ పెట్టారో కనిపెట్టింది. లైట్లు, ఫాన్లు, మోటార్లతో మాట్లాడే ప్రోగ్రాములన్నీ కలిపి ఒక మూటగా కట్టి ఉంచుతారట. దాన్ని కోడు లైబ్రరీ అంటారు. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో, మొహాలు ఎరగనివాళ్ళు, తలో నాలుగు వాక్యాలు ఊరికే రాసి అందులో వేస్తారు. అన్నదానానికి తలా ఒక శేరు తెచ్చి పోసినట్టు. తలుపు తెరిచే ఉంటుంది. ఎవరైనా వెళ్ళి చూడొచ్చు, తప్పుంటే దిద్ది పంపొచ్చు. మన సంస్థ కూడా ఆ మూటకి ఒక నకలు తెచ్చుకుని, దానిమీద తన ముద్ర కొట్టుకుంది.

సంస్థ నకల్లో ఆమె లైట్లు ఆపే ఆ వాక్యాన్ని పట్టుకుంది. అంకె ముందు, అర్థం తర్వాత: 3 నిమిషాలు కదలిక లేకపోతే ఆపు.

అసలు రాసినవాళ్ళకి ఫోను చేత ఇంగ్లీషు చేయించి ఉత్తరం పెట్టింది. రెండు గంటల్లో జవాబు. "మా దగ్గర ముప్పై నిమిషాలు ఉంది. మీ సంస్థ నకల్లో మూడెలా అయిందో మాకు తెలియదు. అక్కడే దిద్దించుకోండి. మీ కాలనీ చేతులూపే ఫోటో ఒకటి పంపగలరా? మా ఆవిడ నమ్మడం లేదు."

అంటే కావలసింది ఒక సున్నా. మూడు పక్కన ఒకే ఒక్క సున్నా. సంస్థ వెబ్‌సైటులో పెద్దక్షరాలతో రాసి ఉంది: "ఈ లైబ్రరీ ప్రజలది. ఎవరైనను సవరణ పంపి సహకరించవచ్చును." తిరుపతమ్మ ఆ మాట నమ్మి సున్నా పంపింది. క్షణంలో జవాబు వచ్చింది.

"మీ సహకారం అందినది. సదరు సహకారమును మూడు ప్రతులలో ముద్రించి, గెజిటెడ్ అధికారిచే ధ్రువీకరింపజేసి, పనివేళలలో స్వయముగా సమర్పించవలెను."

మూడు కాగితాలు, కాగితానికొక సున్నా. ఊళ్ళో దొరికిన గెజిటెడ్ అధికారి పశువుల డాక్టరు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మూడు సున్నాలూ మార్చి మార్చి చూశాడు. "నేను గొడ్లని కూడా ఇంత పరీక్షగా చూడలేదమ్మా. గుండ్రంగానే ఉన్నాయి. లోపల జబ్బుంటే మాత్రం నా పూచీ లేదు" అని సంతకం పెట్టాడు.

సంస్థ కార్యాలయం ఆరంతస్తుల మేడ. లోపలికి అడుగుపెట్టగానే వసారాలో ఒక పెద్దమనిషి తువ్వాలు గిరగిరా తిప్పుతూ కనిపించాడు. అటెండరు గంగులు. ముప్పై ఏళ్ళ సర్వీసు.

"ఈగలా బాబాయ్?" అంది తిరుపతమ్మ.

"ఈగలు గాదమ్మా, లైట్లు. మా అయ్యగార్లు ఫైళ్ళు చూసేటప్పుడు కదలరు. చూడనప్పుడూ కదలరు. నేను తిప్పకపోతే ఆఫీసంతా కారుచీకటే."

"మరి మీకూ అదే బాధ గదా! దిద్దించుకోవచ్చుగా?"

"మా బాధ మేం చెప్పుకోగూడదమ్మా. ప్రజలు చెప్పుకోవాలె."

ఇన్వార్డు బల్ల దగ్గర టైపిస్టు అనసూయమ్మ గారు దరఖాస్తు నింపించారు. సహకరించు పంక్తులు: లేవు. సహకరించు అక్షరములు: ఒకటి. సహకారపు కొలతలు: ఎత్తు, వెడల్పు. తిరుపతమ్మ బొట్టుబిళ్ళ పెట్టి కొలిచింది. గతంలో సున్నాలు సమర్పించిన అనుభవం ఉన్నదా? "లెక్కల పరీక్షలో వచ్చినయ్, ఇవ్వలేదు" అంది. అనసూయమ్మ గారు ఉన్నది ఉన్నట్టు రాసుకున్నారు.

పరాంకుశం గారు దయతలచి లోపలికి పిలిచారు.

"అమ్మా, ప్రజా భాగస్వామ్యం మా ఊపిరి. అయితే సున్నా అనునది మీరనుకున్నంత తేలిక విషయం కాదు. ఒకవైపున ఉంచిన పదింతలగును. ఇంకొకవైపున ఉంచిన ఏమియు కాకుండా పోవును. ఏ వైపు అనునది లోతుగా ఆలోచించవలసిన అంశం."

"కుడివైపు సార్."

"ఎవరి కుడి? మీ కుడియా, సంస్థ కుడియా?"

తిరుపతమ్మ తన కుడిచెయ్యి చూసుకుంది. ఎదురుగా కూర్చున్న ఆయన చెయ్యి చూసింది. నిజమే, రెండూ రెండు వైపులున్నాయి. ఒళ్ళు మండింది. "అసలు మూడెట్టా వచ్చింది సార్? రాసినోళ్ళ దగ్గర ముప్పై ఉందిగా?"

"అసంభవం. ఊరికే వచ్చిన వస్తువును సంస్థ నేరుగా వాడుకొనరాదు. అందుచే ఆ కోడును నాలుగు వేల నూటపన్నెండు పేజీలుగా ముద్రించి, ఫైలు చేసి, పేజీ పేజీ ఆమోదించి, అనసూయమ్మ గారిచేత మరల టైపు చేయించినాము. అందులోని ప్రతి చుక్క మా చెమట."

"పదకొండు నెలలు కొట్టానండీ" అన్నారు అనసూయమ్మ గారు గుమ్మంలోంచి, కాస్త నొచ్చుకుని. "కాగితం మీద ఉన్నది ఉన్నట్టు కొట్టాను. నా సర్వీసులో ఒక్క తప్పు లేదు."

ఇంతలో లైటు పోయింది. "గంగులూ!" అని చీకట్లోంచి ఒక అరుపు. గుమ్మంలో తువ్వాలు తిరిగింది. లైటు వచ్చింది. ఈ మధ్యలో ఏమీ జరగనట్టే డైరెక్టరు గారు, "మీ సున్నాపై ఉపసంఘం వేసెదము" అని ముగించారు.

సున్నా పరిశీలన ఉపసంఘంలో ఏడుగురు సభ్యులు. వాళ్ళు కూర్చోవడానికే జ్యేష్ఠం గడిచిపోయింది. కూర్చున్నరోజు గంగులు సెలవు. మూడు నిమిషాలకోసారి చీకటి పడటం, ఏడుగురూ లేచి చేతులూపి మళ్ళీ కూర్చోవడం. రెండు గంటల్లో నలభైసార్లు లేచి కూర్చుని, అందరికీ నడుములు తేలికపడి, ఆకలి బాగా వేసింది. ఆ ఉత్సాహంలో ఏకగ్రీవంగా తీర్మానం చేశారు.

"సమస్య కోడులో లేదు. ప్రజలలో ఉన్నది. ప్రజలు తగినంతగా కదలుట లేదు. కావున బ్లాకునకు ఒకరు చొప్పున చలన సహాయకులను నియమించవలెను. సున్నా విషయము తదుపరి సమావేశమునకు వాయిదా వేయడమైనది."

సి బ్లాకు చలన సహాయకురాలిగా ఎవర్ని వేశారనుకున్నారు? అనుభవం చూసి వేశారు. నాంచారమ్మని వేశారు. మెళ్ళో ఫోటో కార్డు, చేతిలో సంస్థ రంగు కొట్టిన సర్కారు చాట. మూడురోజులు శిక్షణ కూడా ఇచ్చారు. ఎడమనుంచి కుడికి ఊపాలట, కుడినుంచి ఎడమకి ఊపితే అది సొంత ఊపు కింద లెక్కట.

తిరుపతమ్మ బాగుపడిందనుకుంటున్నారా? వినండి.

"అత్తా, చీకటి పడింది. ఊపు!"

"ఇప్పుడు గాదు. నేను డ్యూటీలో ఉన్నా. నీదొక్కటేనా, ఇరవై నాలుగు ఇళ్ళు తిరగాలె. ఇంటికి మూడు నిమిషాలు. నీ వంతుకి ఇంకా గంట పైన పడుద్ది."

"నేను నీ కోడల్ని!"

"డ్యూటీలో కోడళ్ళుండరు. లబ్ధిదారులే ఉంటారు." కార్డు సర్దుకుని నాంచారమ్మ పక్కింటికి వెళ్ళిపోయింది. "పైగా ఆదివారం మాకు సెలవు. చెప్పలేదనేవు."

అంతకు ముందు ఇంట్లో ఒక చాటైనా తనకోసం ఊగేది. ఇప్పుడు అదీ పోయింది. తిరుపతమ్మ తలమీద కొబ్బరాకు ఒకటి కట్టుకుని, తల ఆడిస్తూ కుట్టి చూసింది. లైటు ఉంది గానీ లత వంకర తిరిగింది. ఒక కాలికి గజ్జె కట్టి ఆడించింది. కన్నుకి చెవుల్లేవు. ఆషాఢం సగం దాటేసరికి పద్నాలుగు జాకెట్లలో అయినవి మూడు. సీతామాలక్ష్మి గారు ఈసారి కోప్పడలేదు. మెత్తగా మాట్లాడారు. అందుకే భయం వేసింది. "అమావాస్య లోపు మిగతావి మొదలుపెట్టానని ఫోటోలు పంపు తిరుపతమ్మా. లేకపోతే మనిషిని పంపి గుడ్డ వెనక్కి తెప్పించుకుంటాను. నాకూ వ్యాపారం ఉందిగా."

అమావాస్యకి ఆరు రోజులు.

సరిగ్గా ఆ వారంలోనే సంస్థ తనకు తాను సన్మానం చేసుకుంటోందని కాలనీలో కాగితాలు పంచారు. వెలుగు నివాస్‌లో కరెంటు వాడకం పదోవంతుకు పడిపోయిందట. ఎందుకు పడదు? జనం చీకట్లో కూర్చుంటే కరెంటు మిగలక ఏం చేస్తుంది? పట్నం నుంచి పెద్దలొస్తున్నారు. ప్రజలు విధిగా హాజరై సంతోషించవలెను.

తిరుపతమ్మ బ్లాకు బ్లాకూ తిరిగి నలభైమంది ఆడవాళ్ళని పోగేసింది. బీడీలు చుట్టేవాళ్ళు, విస్తళ్ళు కుట్టేవాళ్ళు, మిరపకాయలకి తొడిమలు తీసేవాళ్ళు, అందరూ కూర్చుని బతికేవాళ్ళు.

"నినాదాలేం ఇద్దామక్కా?" అంది ఒకామె.

"వద్దు. గొంతు వాళ్ళకి అలవాటే. వచ్చి కూచోండి. కదలబాకండి. అంతే."

"దోమ కుడితే?"

"కుట్టనీ. మూడు నిమిషాలు దోమకి దానం చేశామనుకో."

సభామందిరం సంస్థ మేడలోనే. లైట్లు, ఫాన్లు, మైకు, అన్నీ ఆ కన్నుల కిందివే. ముందు వరసల్లో పట్నం పెద్దలు, పొట్ట నిండా టిఫిను, కదిలే స్థితిలో లేరు. వెనక వరసల్లో నలభైమంది ఆడవాళ్ళు, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బొమ్మలకొలువులో బొమ్మల్లాగా. గోడవార పదకొండుమంది చలన సహాయకులు చాటలతో బారులు తీరారు. వాళ్ళలో నాంచారమ్మ.

పరాంకుశం గారు లేచారు. ఆయన ఉపన్యాసం ఇచ్చేటప్పుడు పెదాలు తప్ప ఇంకేదీ కదలదు. అది ఆయన హోదా. "నిశ్చలతయే నాగరికత. నేడు మన సంస్థ..." అని మొదలుపెట్టి మూడు నిమిషాలు మాట్లాడారు. టక్. చీకటి. మైకు కూడా పోయింది.

"సహాయకులు! ఊపుడు!"

ఇక్కడ తిరుపతమ్మ ఊపిరి బిగబట్టింది. అత్త వైపు తల తిప్పి చూద్దామన్నా తిప్పకూడదు. తిప్పితే లైటు వస్తుంది.

చీకట్లో నాంచారమ్మ గొంతు తాపీగా వినబడింది. "మాకిది భోజనం టైమండీ. శిక్షణలో చెప్పారు, డ్యూటీ లేనప్పుడు ఊపితే సొంత ఊపు కింద పడుద్దని. నా ఉద్యోగానికి మచ్చ వద్దు సార్." మిగతా పదిమంది కూడా చాటలు కింద పెట్టిన చప్పుడైంది.

పాపం, పరాంకుశం గారే ఎగిరారు. వేదిక మీద, జరీ శాలువాతో. ఎగిరితే లైటు, ఆగితే ఒకటి రెండు మాటల తర్వాత మళ్ళీ గుండెల్లో భయం. మూడు నిమిషాలు ఉంటుందన్న నమ్మకం ఆయనకీ పోయింది. "కరెంటు పొదుపులో" ఒక గెంతు, "మనము" ఇంకో గెంతు, "ప్రథమ స్థానమున" శాలువా ఊడిపడింది. పట్నం పెద్దల్లో ఒకాయన పక్కాయనతో, "కార్యక్రమంలో నృత్యం కూడా పెట్టారే, బాగుంది" అన్నాడు.

ఆ మాటతో డైరెక్టరు గారికి కడుపు మండింది. "తెండి! ఆ సున్నా ఫైలు తెండి!"

ఫైలు వచ్చింది. ఏడుగురు సభ్యులూ సభలోనే ఉన్నారు, వాళ్ళనీ తిరుపతమ్మనీ వేదిక మీదికి ఎక్కించారు. పోల్చి చూడటానికి కోడు అచ్చేసిన పాత కాగితాల కట్ట కూడా దించారు. పద్దెనిమిది వందల ఏడో పేజీ. తిరుపతమ్మ వంగి చూసింది. పేజీకి ఎడమ అంచున 3 ఉంది. దాని పక్కన అంకె లేదు. గుండ్రటి చిల్లుంది. ట్యాగు దూర్చడానికి పంచ్ మిషనుతో పొడిచిన చిల్లు.

ఆమె ఆ చిల్లులోంచి పరాంకుశం గారిని చూసింది. "ఇదేంది సార్?"

"చిల్లు."

"చిల్లు పడకముందు ఇక్కడేముంది?"

కట్ట మోసుకొచ్చిన గంగులే తల గోక్కుంటూ చెప్పాడు. "ఆ యేడు కాగితం పొదుపు చెయ్యమని ఆర్డరొచ్చిందమ్మా. అంచు వదలకుండా అచ్చేశారు. అంచుకే అక్షరాలొచ్చినయ్. పంచ్ మాత్రం ఎప్పుడూ కొట్టేచోటే కొట్టా. చోటు మార్చమని నాకెవరూ రాసియ్యలేదు."

"నేనూ ఉన్నది ఉన్నట్టే కొట్టాను" అన్నారు అనసూయమ్మ గారు. "అక్కడ చిల్లుంది. చిల్లు కొట్టే మీట నా మిషనుకి లేదు."

అంటే నాలుగు నెలలుగా ఒక ఊరు ఊరంతా చేతులూపింది ఆ చిల్లులోంచి రాలి చెత్తబుట్టలో పడిన మినపగింజంత కాగితం ముక్క కోసం!

కొత్త పేజీ అచ్చేశారు. 30, స్పష్టంగా, నల్లగా. ఏడుగురు సభ్యులు సంతకాలు చేశారు. డైరెక్టరు గారు ఆకుపచ్చ సిరాతో చేశారు. గుండ్రటి ముద్ర, కోలముద్ర, రెండూ పడ్డాయి. ఆడవాళ్ళు మొదటిసారి కదిలి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో ఎవరూ గమనించలేదు. గంగులు ఆ కాగితం అందుకున్నాడు. ముప్పై ఏళ్ళ అలవాటు, మనిషికంటే ముందు చెయ్యి పనిచేస్తుంది. ఫైల్లో పెట్టాలంటే ముందు ఏం చెయ్యాలి?

టక్.

చప్పట్లు ఆగిపోయాయి. 3. పక్కన చిల్లు.

"అయ్యయ్యో" అన్నాడు గంగులు, నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకుని. "నా చెయ్యి ఇరగా!"

"ఇంకో కాగితం తియ్యండి, అంతేగా!" అంది తిరుపతమ్మ.

"వీలుపడదు" అన్నారు పరాంకుశం గారు. ఇప్పుడు ఆయన గొంతులో పొగరు కూడా లేదు, నిజాయితీగానే అన్నారు. "సంతకములైన కాగితమునకు మారు కాగితం ఉండరాదు. కొత్త కాగితమునకు కొత్త ఉపసంఘం. ఎంత తొందరపడినను కార్తీకం దాటును."

అమావాస్య రెండు రోజుల్లో ఉంది. గుడ్డ తీసుకుపోవడానికి మనిషి వస్తాడు. తిరుపతమ్మ ఆ కాగితం వంక చూసింది. ఏడుగురి సంతకాల వంక చూసింది. తర్వాత పైటకొంగుకి గుచ్చుకున్న సూది తీసింది. దారం అందులో ఉండనే ఉంది, పొద్దున కుడుతూ వదిలేసిన బంగారు జరీ.

వేదిక మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. జాకెట్టు బొత్తానికి కాజా కుట్టినట్టు, ఆ చిల్లు అంచు చుట్టూ పోగు పక్కన పోగు వేసుకుంటూ పోయింది. కాగితం చిరక్కుండా, సంతకాలు తగలకుండా. మధ్యలో లైటు పోతుందేమోనని నాంచారమ్మ భోజనం టైము మాట మర్చిపోయి చాట ఊపింది. కుడినుంచి ఎడమకి, సొంత ఊపు. చివర ముడి వేసి, దారం పళ్ళతో తెంపి, కాగితం అనసూయమ్మ గారి ముందు పెట్టింది తిరుపతమ్మ.

"మీరు ఉన్నది ఉన్నట్టు కొడతారుగా. ఇప్పుడేముందో చూసి చెప్పండి."

అనసూయమ్మ గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. మూడు పక్కన గుండ్రంగా, మెరుస్తూ. "మూడు... సున్నా" అన్నారు. "ముప్పై."

"ఫైలులో కుట్టుపనియా?" అన్నారు పరాంకుశం గారు.

"కూడదని ఎక్కడన్నా రాసి ఉందా సార్?"

నియమావళి తెప్పించారు. జిగురు కూడదని ఉంది. పిన్నీసు కూడదని ఉంది. దిద్దుబాటు రంగు పూయరాదని ఉంది. కాజా గురించి ఒక్క ముక్క లేదు. లేనిదాన్ని కాదనే అధికారం ఎవరికీ లేదు. అనసూయమ్మ గారు అక్కడే కూర్చుని టైపు కొట్టేశారు. అందరూ కదలకుండా కూర్చున్నారు. నిమిషం గడిచింది. మూడు నిమిషాలు. అయిదు. లైటు వెలుగుతూనే ఉంది. పరాంకుశం గారు ఒకటి రెండుసార్లు అనవసరంగా గెంతి, తర్వాత కూర్చున్నారు.

అమావాస్య నాటికి పదకొండు చట్రాలమీదా గుడ్డ బిగించి ఫోటోలు పంపింది తిరుపతమ్మ. "నెమలికి ముక్కు ఒక్కటేగా?" అని సీతామాలక్ష్మి గారి జవాబు. అంటే పని చెయ్యి జారనట్టే.

శ్రావణం వచ్చిన నాలుగోరోజున గంగులు సంచీ భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు. తిరుపతమ్మ మగ్గం ముందుంది. నాంచారమ్మ మెళ్ళో కార్డుతో, ఒళ్ళో సర్కారు చాటతో గోడకానుకుని నిద్రపోతోంది. ఆమె ఉద్యోగం అలాగే ఉంది. ఒకసారి సృష్టించిన పోస్టు రద్దుచెయ్యడానికి వేరే ఉపసంఘం కావాలి.

"ఆర్డరమ్మా" అని కాగితం ఇచ్చాడు గంగులు.

"మీ సున్నా నమూనా మిక్కిలి ప్రశంసనీయము. ఏకరూపత నిమిత్తం సంస్థ ఫైళ్ళలోని నాలుగు వేల నూటపన్నెండు పేజీలలో, పేజీకి రెండు చొప్పున గల ఎనిమిది వేల రెండువందల ఇరవై నాలుగు చిల్లులకును జరీ కాజాలు కుట్టి సహకరించవలెను. తదుపరి మొత్తము కోడును అనసూయమ్మ గారు మరల టైపు చేయుదురు."

తిరుపతమ్మ రెండుసార్లు చదివింది. "బాబాయ్, అంకెలేమీ పోని చోట కూడా చిల్లులుంటయ్ గదా?"

"బోలెడు."

"వాటికీ కాజా కుడితే ఆమె ఏం కొడుద్ది?"

"ఉన్నది ఉన్నట్టు కొడుద్దమ్మా. ఆమె అంతే. చిల్లు చిల్లుకో సున్నా."

"నీళ్ళ మోటారు ఇరవై నిమిషాలు తిరగాలని ఉందనుకో."

గంగులు వేళ్ళు మడిచి లెక్కేశాడు. "రెండొందలు. కాలనీ తేలుద్ది."

తిరుపతమ్మ ఆ ఆర్డరు కాగితం వెనకవైపే, పెన్సిలుతో పెద్దక్షరాలతో "కుట్టను" అని రాసి ఇచ్చేసింది.

గంగులు వినయంగా అందుకున్నాడు. జవాబు కూడా ఫైలు చెయ్యాల్సిందే. సంచీలోంచి పంచ్ మిషను తీసి, కాగితం అందులోకి దూర్చాడు. చిల్లు సరిగ్గా చివరి అక్షరం మీద పడబోతోంది. ఆ అక్షరం పోతే కాదన్న మాటే పోతుంది.

"ఆగు" అంది తిరుపతమ్మ. లేచి, ఆ మిషను ఆయన చేతిలోంచి మెల్లగా లాక్కుని, పూసలడబ్బాలో పెట్టి మూత వేసింది. "వెబ్‌సైటులో ఎవరైనా సహకరించొచ్చని రాశారుగా. ఇది నా రెండో సహకారం అని చెప్పు."

"సర్కారు సామానమ్మా అది!"

"మూడు ప్రతుల్లో అడగమను. పశువుల డాక్టరు సంతకంతో."

గంగులు ఎందుకో నవ్వుకుని, ఖాళీ సంచీ దులుపుకుని, తేలిగ్గా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

పంచ్ లేకపోతే చిల్లు లేదు, చిల్లు లేకపోతే ఫైలు లేదు, ఫైలు లేకపోతే ఆర్డరు లేదు. శ్రావణమంతా సంస్థ నుంచి వెలుగు నివాస్‌కి ఒక్క కాగితం రాలేదు. పద్నాలుగు జాకెట్లూ ముహూర్తాలకి అందాయి. కొత్త పంచ్ మిషను కొనడం మీద ఉపసంఘం వేశారు. తొమ్మిదిమంది సభ్యులు. వాళ్ళింకా కూర్చునే ఉన్నారట. ముప్పై నిమిషాలకోసారి లేచి చేతులూపి మళ్ళీ కూర్చుంటున్నారట.